మిగిలిన బట్ట ముక్కలతో పసిబిడ్డకు బిబ్ కుట్టే విధానం

నాలుగో నెల దాటేసరికి చాలామంది పసిపిల్లలకు నోటి వెంట చొంగ కారడం మొదలవుతుంది. ఆరు నెలలు నిండి అన్నం ముట్టించిన తర్వాత రాగి జావ, పప్పుకట్టు, మెత్తగా పిసికిన అన్నం కూడా దానికి తోడై పూటకు రెండు అంగీలు మార్చవలసి వస్తుంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కలిపి పెట్టే ఇళ్లలో అది అంగీ మీద ఆరిపోయి అట్టకట్టడం తల్లులందరికీ తెలిసిన సంగతే. మెడకు తొడిగే బిబ్ ఈ చాకిరీని తగ్గించడమే కాకుండా, తడిసిన అంగీ గంటల తరబడి ఛాతీకి అంటుకుని ఉండకుండా, మెడ మడతల్లో చర్మం ఒరుసుకుపోకుండా కాపాడుతుంది.

బజారులో చవకగా దొరికే బిబ్బుల్లో చాలావాటికి పైన పాలిస్టర్ బట్ట, అడుగున ప్లాస్టిక్ పొర ఉంటాయి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటి కాసే నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో అటువంటి పొర కింద బిడ్డ మెడకు చెమట పట్టి చెమటకాయలు లేస్తాయి. ఇంట్లో మిగిలిన నూలు ముక్కలతో కుట్టుకునే బిబ్‌కు ఈ ఇబ్బంది ఉండదు. అయితే ఏ ముక్క దొరికితే ఆ ముక్కతో కుట్టితే ప్రయోజనం దక్కదు. బిబ్ మంచిదా కాదా అన్నది పైన కనిపించే పూలను బట్టి కాక, లోపల తడిని పీల్చే పొరను బట్టీ, మెడ గుండ్రం ఎంత నునుపుగా తిరిగిందన్న దాన్ని బట్టీ తేలుతుంది. కాబట్టి ఈ రెండింటినీ ఇక్కడ విస్తారంగా చెప్పి, మిగతావాటిని క్లుప్తంగా చెబుతాను.

బట్టను ఎంచుకోవడం

ఈ బిబ్‌కు మూడు పొరలు ఉంటాయి. పై పొర అందానికి, మధ్య పొర తడి పీల్చడానికి, అడుగు పొర బిడ్డ ఒంటికి మెత్తగా తగలడానికి. ఒక్కొక్క పొరకు 10 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు ఉన్న ముక్క చాలు. రవికలు, చుడీదార్లు, పావడాలు కుట్టిన తర్వాత మిగిలిన ముక్కల సంచిలో ఆ కొలతకు సరిపోయేవి తప్పకుండా దొరుకుతాయి.

పై పొరకు మన ప్రాంతంలో వెతుక్కోవలసిన పని లేదు. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం మగ్గాల నూలు ఇక్కత్ బట్ట దీనికి చక్కగా సరిపోతుంది. కొయ్యలగూడెం దుప్పటితో కర్టెన్లు కుట్టించినప్పుడు మిగిలే అంచు ముక్కలు కొంచెం మందంగా ఉన్నా పనికివస్తాయి. ఇక్కత్‌లో నేయడానికి ముందే నూలుకు ముళ్లు కట్టి రంగు అద్దుతారు కాబట్టి బట్టకు రెండు వైపులా డిజైను దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఇది కుట్టేవారికి సౌకర్యమే గానీ, సీదా ఏదో ఉల్టా ఏదో మధ్యలో మరిచిపోయే అవకాశం ఉంటుంది. అందువల్ల ముక్కను చేతిలోకి తీసుకోగానే ఒక వైపు సుద్దతో చిన్న గీత గీసి, అదే ఉల్టా అని ఖాయం చేసుకోవాలి. నారాయణపేట నూలు చీర ముక్క ఉంటే మరో మేలు ఉంది: దాని మీది చిన్న గళ్ల గీతలు పడుగు పేకల వెంబడే పోతాయి కనుక ఆ గీతను పట్టుకుని కత్తిరిస్తే ముక్క వంకర పోదు.

గద్వాల చీర విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. సంప్రదాయ గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి భాగంలోని నూలు ముక్క నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. అంచు ఎంత అందంగా ఉన్నా బిబ్ మీదికి తీసుకురాకూడదు. జరీ పోగు లేచి బిడ్డ గడ్డాన్ని గీరుతుంది, పట్టు ఒక తీరుగా నూలు ఒక తీరుగా ముడుచుకుని రెండు ఉతుకులకే బిబ్ ముడతలు పడుతుంది. పూసలు, చమ్కీలు, అద్దాలు, కుందన్లు ఉన్న ముక్కలను అసలు దగ్గరికి రానీయవద్దు. నోటికి అందిన ప్రతిదీ చప్పరించే వయసులో ఊడిన ఒక్క పూస గొంతుకు అడ్డం పడవచ్చు.

మధ్య పొరకు కొత్త బట్ట కంటే పాతదే మేలు. ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడిన తాతగారి ధోతి, అరిగిన నూలు లుంగీ, పల్చబడిన తువ్వాల వంటివి కొత్త బట్ట కంటే త్వరగా తడిని పీలుస్తాయి. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. బట్టను బల్ల మీద పరిచి, వేలు నీళ్లలో ముంచి ఒక్క చుక్క వేయాలి. చుక్క పడగానే పరచుకుపోయి కనబడకుండా పోతే ఆ బట్ట మధ్య పొరకు తగినది. చుక్క గుండ్రంగా మెరుస్తూ కాసేపు నిలిచిందంటే అందులో పాలిస్టర్ కలిసి ఉంది, లేదా గంజి ఇంకా వదలలేదు. గంజిదే కారణమైతే వేడి నీళ్లలో నానబెట్టి ఉతికి మళ్లీ చుక్క వేసి చూడవచ్చు. పాలిస్టర్ అయితే ఎన్నిసార్లు ఉతికినా మారదు. ధోతి పల్చగా ఉంటే రెండు మడతలు వేయాలి. చొంగ ఎక్కువగా కారే బిడ్డకు పాత టర్కీ టవల్ ముక్క ఒకే పొరగా సరిపోతుంది. మార్చి నుంచి జూన్ దాకా వాడే బిబ్బులకు మాత్రం టవల్ వద్దు, ఒక మడత ధోతి చాలు. తడిస్తే మరొకటి తొడగడం సులభం గానీ, మందపాటి పొర కింద ఉడికిపోయిన మెడను మాన్పడం కష్టం.

అడుగు పొర బిడ్డ మెడకు నేరుగా తగులుతుంది కాబట్టి తెలుపు గానీ లేత రంగు గానీ ఉన్న మెత్తని నూలు కావాలి. రవికకు వేసే నూలు అస్తరు మిగిలి ఉంటే అది చాలు.

ముక్కలన్నింటినీ కుట్టడానికి ముందే ఉతకాలి. నూలు మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. మూడు పొరలూ మూడు రకాలుగా ముడుచుకుంటే తర్వాత సరిచేయడానికి వీలుండదు. ముదురు ఎరుపు, నీలం, నలుపు ముక్కలకు రంగు పరీక్ష కూడా అవసరం. తడిపిన తెల్ల గుడ్డతో ఆ ముక్కను గట్టిగా రుద్దినప్పుడు తెల్ల గుడ్డకు రంగు అంటితే, దాన్ని విడిగా మళ్లీ ఉతికి చూడాలి, అప్పటికీ అంటుతుంటే పక్కన పెట్టేయాలి. రంగు వదిలే బట్ట బిడ్డ నోటి దగ్గర ఉండకూడదు.

సిద్ధం చేసుకోవలసినవి

కుట్టు మిషన్, 14 నంబరు సూది (టవల్ పొర వేస్తే 16 నంబరు), పై బట్టకు నప్పే దారం, టేపు, సుద్ద, బట్టకే వాడే కత్తెర, గుండుసూదులు, ఇస్త్రీ పెట్టె, కాగితం, పెన్సిల్. మెడ దగ్గర పెట్టడానికి ప్లాస్టిక్ టిచ్ బటన్లు గానీ, అంగుళంన్నర వెల్క్రో ముక్క గానీ కావాలి. ఇవి ఫాల్స్, లైనింగులు అమ్మే మ్యాచింగ్ సెంటర్లలో దొరుకుతాయి. గుండుసూదులను మొదట లెక్కపెట్టి తీసుకుని, పని ముగిశాక మళ్లీ లెక్క సరిచూసుకోవాలి. ఈ అలవాటును పసిపిల్లల బట్టలు కుట్టేవారెవరూ వదలకూడదు.

కాగితం మీద నమూనా గీయడం

ఇక్కడ ఇచ్చిన కొలతలు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా సరిపోతాయి. 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న కాగితాన్ని నిలువుగా సగానికి మడవాలి. మడత ఎడమ చేతి వైపు ఉండాలి. మడత వెంబడి పై అంచు నుంచి 3¼ అంగుళాల కింద ఒక చుక్క పెట్టుకోవాలి. మెడ గుండ్రానికి అదే కేంద్రం. పెన్సిల్‌కు దారం కట్టి, ఆ చుక్క మీద దారాన్ని వేలితో నొక్కిపట్టి, 2 అంగుళాల దూరంలో ఒక అర్ధవృత్తం, 3¼ అంగుళాల దూరంలో మరో అర్ధవృత్తం గీయాలి. లోపలి గీత మెడ, బయటి గీత మెడ చుట్టూ తిరిగే పట్టీకి వెలుపలి అంచు. దీనివల్ల పట్టీ అంతటా 1¼ అంగుళాల వెడల్పు వస్తుంది.

బయటి గీత కేంద్రానికి సూటిగా కుడి పక్కకు వచ్చిన చోట నుంచి దాన్ని మెల్లగా వంచుతూ, పై నుంచి 6½ అంగుళాల దగ్గర కాగితం కుడి అంచులో కలపాలి. అక్కడి నుంచి కిందికి తిన్నగా వెళ్లి, అడుగు మూలను ఒక చిన్న గిన్నె మూతి ఆనించి గుండ్రంగా గీయాలి. చివరగా, మెడ పైభాగంలో మడతకు అర అంగుళం దూరంలో పట్టీని ఆపి, దాని కొసను బొటనవేలి ఆకారంలో గుండ్రంగా తిప్పాలి. ఇప్పుడు రెండు మడతలనూ కలిపి కత్తిరించి కాగితాన్ని విప్పితే, పైన ఒక అంగుళం సందు ఉన్న పూర్తి నమూనా వస్తుంది.

ఈ నమూనాలో మెడ అంచు పట్టీ కొస నుంచి కొస దాకా సుమారు 11½ అంగుళాలు ఉంటుంది. కొసలు ఒకదాని మీద ఒకటి అంగుళం మేర ఎక్కితే 10½ అంగుళాల చుట్టు మిగులుతుంది. బిడ్డ మెడ చుట్టూ టేపును బిగించకుండా పట్టి కొలిచి, ఆ కొలతకు అంగుళం నుంచి అంగుళంన్నర కలిపితే ఎంత వస్తుందో చూసుకోవాలి. తేడా ఎక్కువగా ఉంటే లోపలి వృత్తాన్ని పావు అంగుళం పెంచడమో తగ్గించడమో చేసి, ఆ మేరకు బయటి వృత్తాన్నీ జరపాలి. కొలతలో అనుమానం ఉంటే కాగితం నమూనానే బిడ్డ మెడకు ఒకసారి పెట్టి చూసుకోవడం మంచిది.

ముక్కలు అతకవలసి వస్తే

10 అంగుళాల వెడల్పు ముక్క దొరకనప్పుడు సన్నని పట్టీలను అతికి పై పొరను తయారు చేసుకోవచ్చు. పావు అంగుళం లోపలికి కుట్టి, కుట్టు అంచులను ఒకే వైపుకు ఇస్త్రీ చేయాలి. అతుకులు నిలువుగా రావాలి. మెడ గుండ్రం మీదికి గానీ పట్టీల మీదికి గానీ అతుకు రాకుండా నమూనాను జరుపుకుంటూ పెట్టాలి. అడుగు పొరకు మాత్రం అతుకులు వేయవద్దు, అవి బిడ్డ గడ్డం కింద ఒత్తుకుంటాయి.

పొరలు పేర్చి కుట్టడం

చాలామంది ముందుగా మూడు పొరలనూ నమూనా ప్రకారం కత్తిరించి, తర్వాత కలిపి కుడతారు. బిబ్ విషయంలో అది సరైన క్రమం కాదు. మెడ పట్టీలు సన్నగా ఉండడం వల్ల సూది కింద పొరలు జారి, కుట్టు ఒకచోట అంచుకు దగ్గరగా, ఒకచోట దూరంగా పడుతుంది. ముందు కుట్టి తర్వాత కత్తిరించడమే నేను సూచించే పద్ధతి. ముక్కలు ఇంకా దీర్ఘచతురస్రంగా ఉన్నప్పుడే కుట్టు పూర్తయితే పట్టీ వంకర పోయే అవకాశమే ఉండదు.

బల్ల మీద మొదట మధ్య పొరను పరవాలి. దాని మీద అడుగు పొరను సీదా వైపు పైకి ఉండేలా వేయాలి. ఆ పైన అందమైన పై పొరను సీదా వైపు కిందికి ఉండేలా బోర్లించాలి. అంటే రెండు సీదాలు ఎదురెదురుగా ఉంటాయి, మధ్య పొర అన్నిటికంటే అడుగున ఉంటుంది. చేత్తో నిమిరి ముడతలు లేకుండా చేసి, నమూనాను నడిమధ్యలో పెట్టి, చుట్టూ సుద్దతో గీత గీయాలి. ఈ గీతే కుట్టు గీత. గీతకు లోపలి వైపున గుండుసూదులు గుచ్చుకోవాలి.

కుడి పక్క తిన్నని భాగంలో 3 అంగుళాల మేర కుట్టకుండా వదిలేయడానికి రెండు అడ్డగీతలు పెట్టుకోవాలి. బిబ్‌ను తిరగేసేది ఆ సందు గుండానే. మొదటి అడ్డగీత దగ్గర రెండు మూడు కుట్లు వెనక్కి వేసి మొదలుపెట్టి, గీత వెంబడి చుట్టూ తిరిగి వచ్చి, రెండో అడ్డగీత దగ్గర మళ్లీ వెనక్కి వేసి ఆపాలి. తిన్నని చోట కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు, మెడ గుండ్రం మీద 2 మిల్లీమీటర్లు ఉండాలి. గుండ్రం మీద కుట్లు చిన్నవిగా ఉంటేనే తిరగేసిన తర్వాత అంచు కోణాలు పడకుండా నునుపుగా వస్తుంది. వంపు తిరిగేటప్పుడు బట్టను చేత్తో లాగకుండా నాలుగైదు కుట్లకు ఒకసారి సూదిని బట్టలోనే దించి, బట్టను నొక్కిపట్టే మిషన్ పాదాన్ని ఎత్తి, బట్టను కొద్దిగా తిప్పి, మళ్లీ పాదం దించి సాగాలి. కాలితో తొక్కే మిషన్ మీద ఈ పని నిదానంగా సాగుతుంది గనుక ఇంకా బాగా కుదురుతుంది.

కత్తిరించడం, తిరగేయడం

కుట్టుకు పావు అంగుళం వెలుపలగా చుట్టూ కత్తిరించాలి. తిరగేసే సందు దగ్గర మాత్రం అర అంగుళం ఉంచాలి. తర్వాత లోపలికి మడిచేటప్పుడు అది చేతికి అందుతుంది. రెండు పట్టీ కొసల మధ్య బట్టను నడిమికి చీల్చి వేరు చేసుకోవాలి. తర్వాత మధ్య పొరను ఒక్కదాన్నే పైకి లేపి, పట్టీల దగ్గరా మెడ దగ్గరా కుట్టుకు ఆనుకునేంత వరకు సన్నగా కత్తిరించాలి. టవల్ వేసినప్పుడు ఈ పని తప్పనిసరి, లేకుంటే మెడ చుట్టూ తాడులా గట్టి గట్టు ఏర్పడుతుంది.

మెడ గుండ్రానికి అర అంగుళానికి ఒకటి చొప్పున కత్తెర మొనతో కాట్లు పెట్టాలి. కాటు కుట్టు దాకా రావాలి గానీ కుట్టును తాకకూడదు. రెండు పోగుల దూరంలో ఆగాలి. కాటు మరీ చిన్నదైతే మెడ అంచు ముడతలు పడి నిలుచుంటుంది, కుట్టు తెగితే అక్కడ రంధ్రం పడుతుంది. బయటికి వంపు తిరిగిన పట్టీ కొసలకు, అడుగు మూలలకు కాట్లకు బదులు చిన్న త్రికోణాలు తీసివేయాలి, ఎందుకంటే తిరగేసినప్పుడు అక్కడి బట్ట లోపల ఇరుకుగా పోగుపడుతుంది.

ఇప్పుడు సందులో నుంచి రెండు వేళ్లు పై పొరకూ అడుగు పొరకూ మధ్యకు పోనిచ్చి, ముందుగా దూరంగా ఉన్న పట్టీ కొసను పట్టి లాగాలి. పట్టీ సన్నగా ఉండి రాకపోతే పెన్సిల్ వెనుక వైపుతో కొసను లోపలికి నెట్టుతూ, మరో చేత్తో బట్టను వెనక్కి తోయాలి. కత్తెర మొనతో పొడిస్తే బట్ట చిల్లు పడుతుంది. అంతా తిరిగిన తర్వాత అంచు కుట్టును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని నలుపుతూ వెలుపలికి తీస్తే కుట్టు సరిగ్గా అంచు మీదికి వస్తుంది. అలా అంచును తీస్తూ వెనకాలే ఇస్త్రీ చేసుకుంటూ రావాలి. సందు దగ్గరి బట్టను లోపలికి మడిచి, ఇస్త్రీ చేసి, గుండుసూది గుచ్చాలి.

తర్వాత అంచుకు ఎనిమిదో వంతు అంగుళం దూరంలో చుట్టూ పైకుట్టు వేయాలి. దీనితో తిరగేసిన సందు మూసుకుపోతుంది, పొరలు ఉతికినప్పుడు జరగకుండా ఉంటాయి. బిబ్ నడుమ కూడా రెండు మూడు అడ్డకుట్లు వేస్తే ధోతి పొర లోపల ముద్ద కట్టదు. ఇక్కత్ డిజైను గీత మీదనో, గళ్ల గీత మీదనో ఆ కుట్లు వేస్తే అవి బయటికి కనిపించవు.

కొందరు అడుగున అన్నం మెతుకులు పడేందుకు జేబు కూడా కుడతారు. నూలు బట్ట జేబు తడిసి కిందికి వాలి మూసుకుపోతుంది, అందులో మిగిలిన మెతుకు పులుస్తుంది. కాబట్టి జేబు పెట్టకపోవడమే శుభ్రం.

మెడ దగ్గర బిగింపు

ఇది బిడ్డ భద్రతకు సంబంధించిన భాగం. నాడాలు, తాళ్లు పెట్టకూడదు. బిబ్ దేనికైనా తట్టుకున్నప్పుడు ముడి ఊడకుండా మెడ బిగుసుకుంటుంది. టిచ్ బటన్, వెల్క్రో రెండూ లాగితే వాటంతట అవే విడిపోతాయి. చేత్తో కుట్టే లోహపు టిచ్ బటన్ల దారం అరిగి ఊడే ప్రమాదం ఉన్నందున, ప్లయర్‌తో బిగించే ప్లాస్టిక్ బటన్లే మేలు. మీ దగ్గర ప్లయర్ లేకపోతే, ఉన్న దర్జీ చేత బిగించుకోవచ్చు.

పైకి వచ్చే పట్టీకి కొస నుంచి అర అంగుళంలో ఒక బటన్, కింద ఉండే పట్టీకి కొస నుంచి అర అంగుళంలో ఒకటి, 1¼ అంగుళాల దగ్గర మరొకటి బిగిస్తే బిడ్డ మెడను బట్టి వదులు చేసుకోవచ్చు, బిగించుకోవచ్చు. వెల్క్రో పెట్టేటప్పుడు గరుకు ముక్కను కింది పట్టీ పైవైపున, మెత్తని ముక్కను పై పట్టీ లోపలి వైపున కుట్టాలి. అప్పుడు గరుకు ముళ్లు మెడ వైపు కాకుండా బయటికి తిరిగి ఉంటాయి. వెల్క్రో మూలలను గుండ్రంగా కత్తిరించి నాలుగు వైపులా కుట్టాలి.

తొడిగిన తర్వాత మెడకూ బిబ్‌కూ మధ్య రెండు వేళ్లు సులభంగా దూరాలి. నిద్రపోయేటప్పుడు, ఉయ్యాలలో వేసేటప్పుడు బిబ్‌ను తప్పకుండా తీసేయాలి.

ఉతకడం, ఆరబెట్టడం

వాడిన వెంటనే చల్లని నీళ్లలో జాడిస్తే మెతుకులు పోతాయి. పప్పులోని పసుపు మరకకు సబ్బు తగలగానే అది ఎర్రగా మారుతుంది. సబ్బులోని క్షారానికి పసుపు అలా మారుతుంది గనుక బట్ట పాడైందని అనుకోవద్దు. బాగా జాడించి తడిగానే ఎండలో వేస్తే ఒకటి రెండు ఎండలకు ఆ మరక తేలిపోతుంది. బోరు నీళ్లు కఠినంగా ఉండే ఊళ్లలో సబ్బు నురగ రాక, ఉతికిన బట్ట ఆరాక బిరుసెక్కుతుంది. అటువంటి చోట చివరి జాడింపుకైనా భగీరథ నల్లా నీళ్లు వాడితే బిబ్ మెత్తగా ఉంటుంది. వెల్క్రో ఉన్నవాటిని మూసి ఉతకాలి, లేకుంటే ముళ్లకు దారాలు పట్టుకుని బిగింపు పోతుంది.

ఉతికిన ప్రతిసారీ బటన్లను వేలితో లాగి చూడాలి. ఏ ఒక్కటి కదిలినా ఆ పట్టీలను వెంటనే కత్తిరించి పారేసి, మిగిలిన అడుగు భాగాన్ని మూతి తుడిచే గుడ్డగా వాడుకోవచ్చు.

ఏడాదిన్నర దాటిన పిల్లలకు ఇదే నమూనాను 10 అంగుళాల వెడల్పు, 14½ అంగుళాల పొడవు కాగితం మీద గీసుకోవాలి. కేంద్రాన్ని పై నుంచి 3½ అంగుళాలకు దించి, లోపలి అర్ధవృత్తాన్ని 2¼, బయటి దాన్ని 3½ అంగుళాల దూరంలో గీస్తే పట్టీ వెడల్పు మారకుండానే మెడ పెరుగుతుంది. బట్ట ముక్కలను మాత్రం కాగితం కంటే వెడల్పులోనూ పొడవులోనూ అంగుళం చొప్పున పెంచి, 11 అంగుళాల వెడల్పు, 15½ అంగుళాల పొడవు ఉండేలా తీసుకోవాలి.